ఒహాయోలో ఘెరావ్

మిల్‌బ్రూక్, ఒహాయో
14 మే 1989

తమ్మీ వైకుంఠం,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ మరదలు కాశమ్మా బాగున్నారనే నమ్మకంతో సంగతిలోకి వస్తున్నాను. ఈ నీలం కాగితం మీద చోటు తక్కువ, నా దగ్గర మాట ఎక్కువ.

సుగుణ నర్సు డ్యూటీకి పోతే ఇంట్లో నేనూ, నా మాట వినని టీవీ. అమ్మ ఇట్లా గోడలకు పాఠాలు చెప్పుకుంటే పిచ్చెక్కుతుందని, వారానికి మూడు రోజులు నన్ను సీనియర్ సెంటర్‌లో దింపి పోతోంది. అది ముసలివాళ్ళ క్లబ్బు. మధ్యాహ్నం భోజనం పెడతారు. అందులో ఉప్పు ఉండదు, కారం అసలే ఉండదు. అందుకే పర్సులో మిరపపొడి పొట్లం పెట్టుకుపోతున్నాను. నా పక్క కుర్చీ డొరొతి అనే ఆమెది. ఆమె కూడా నాలాగే బడిపంతులమ్మగా చేసింది కనుక ఇద్దరం కలిసి అందరి ఇంగ్లీషులోనూ తప్పులు పడతాం. నా ఇంగ్లీషు తప్పులు మాత్రం ఆమె ఒక్కతే పడుతుంది. ఎదురుగా స్టాన్లీ. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయన గొంతు వింటే చార్మినార్ దగ్గర బండి మీద జామపండ్లు అమ్మేవాళ్ళు గుర్తొస్తారు.

ఇప్పుడక్కడ పెద్ద లొల్లి నడుస్తోంది. ఇక్కడ అరవై అయిదు దాటినవాళ్ళకు సర్కారే ఆసుపత్రి బీమా ఇస్తుంది. మెడికేర్ అంటారు. దాని మీద కొత్త చట్టం వచ్చింది. ముసలివాళ్ళంతా సర్కారు మీద లేచారు. నిన్న స్టాన్లీ బల్ల గుద్దితే నా పులుసు గిన్నె ఎగిరింది. తర్వాత నావైపు తిరిగాడు. ఆయన ఇంగ్లీషే మాట్లాడాడు గానీ నా చెవికి మన కార్వాన్ భాషలోనే వినబడుతుంది, అట్లాగే రాస్తున్నాను.

"కళా, మీ దేశంల సర్కారు మాట ఇనకుంటే ఏం జేస్తరు?"

"మా తమ్ముడు యూనియన్ సెక్రెటరీగ చేసిండు. రాసి అడుగుత" అన్నాను.

అడుగుతున్నాను.

అక్క కళావతి


కార్వాన్, హైదరాబాద్
8 జూన్ 1989

అక్కా,

నీ ఉత్తరం ఇంట్లో ఒకసారి చదివాను. పత్తర్‌గట్టి ఇరానీ హోటల్లో నాలుగు టేబుళ్ళకు వినబడేట్టు మళ్ళీ చదివాను. "అరవై అయిదు దాటితే సర్కారే బీమా" అనే మాట దగ్గర సిరాజుద్దీన్ చాయ్ సాసర్ కింద పెట్టేశాడు. వాడు నాతోపాటు వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి నాతోపాటే రిటైరయినవాడు, నీకు తెలుసు.

"అరె వైకుంఠం భాయ్, గా ముసలోళ్ళకు ఉంటే మనకెందుకు లేదు?" అన్నాడు.

ఎందుకు లేదు? రిటైరయిన రోజు మా మెడలో దండ వేసి, ఆ చేత్తోనే వర్క్‌షాప్ దవాఖాన కార్డు వాపసు తీసుకున్నారు. ముప్పై ఏళ్ళు ఇనుము మోసినప్పుడు నొప్పులు రాలేదు, ఇప్పుడే వస్తున్నాయి. నొప్పులు వచ్చే వయసుకు దవాఖాన బంద్. ఆ హోటల్లోనే, ఆ టేబుల్ మీదే, రిటైర్డ్ కార్మికుల సంఘం పెట్టేశాం. సెక్రెటరీని నేను. ఎన్నిక జరిగింది, ఏకగ్రీవం. సిరాజుద్దీన్ నిలబడాలనుకున్నాడు గానీ వాడికి అర్జీ రాయడం రాదు.

మీ అమెరికా వృద్ధులకు నా లాల్ సలాం చెప్పు. బీమా కోసం కొట్లాడుతున్నారంటే వాళ్ళు మన మనుషులే. పద్ధతి చెప్తాను, జాగ్రత్తగా రాసుకో. ముందు అర్జీ పెట్టాలి. దానికి జవాబు రాదు. రాకపోతేనే మంచిది, కోపం నిలవ ఉంటుంది. ఆ తర్వాత ఘెరావ్. పెద్ద సాబ్ కారు ఎక్కగానే చుట్టూ నిలబడాలి. చెయ్యి వెయ్యొద్దు, తిట్టొద్దు, కదలొద్దు. ముందు వరసలో ఆడవాళ్ళు ఉండాలి. ముసలి ఆడవాళ్ళయితే ఇంకా మేలు, పోలీసులు ఏం చెయ్యాలో తెలియక టోపీ సర్దుకుంటారు.

కాశమ్మ నీకు ఎండు మామిడి ఒరుగులు పంపుతానంటోంది. మిరపపొడికి తోడు.

ఇన్‌క్విలాబ్ జిందాబాద్‌తో,
తమ్ముడు వైకుంఠం


మిల్‌బ్రూక్
2 జూలై 1989

తమ్మీ,

కొంప మునిగింది. నీ ఉత్తరాన్ని భోజనాల దగ్గర నేను ఇంగ్లీషులో చెప్పాను. చెప్తున్నంతసేపూ నా ఇంగ్లీషును చూసి నాకే గర్వం. అందరూ చప్పట్లు కొట్టారు. స్టాన్లీ బోర్డు మీద 'ఘెరావ్' అని పెద్దగా రాశాడు. వాళ్ళకు 'ఘ' పలకదు, 'జెరావ్' అంటున్నారు.

కానీ నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు. తప్పు నాదేలే, చోటు తక్కువని సగమే రాశాను. వాళ్ళు బీమా కావాలని కొట్లాడటం లేదు. ఉన్న బీమాకు తోడు సర్కారు ఇంకొంచెం ఇచ్చింది, అది వద్దని కొట్లాడుతున్నారు!

నాకు అర్థమైనంత చెప్తాను. పాత పద్ధతిలో ఆసుపత్రిలో రెండు నెలలు దాటి పడుకుంటే, ఆ పైన రోజు రోజుకూ చేతి నుంచి కట్టాలి. కొత్త చట్టంలో ఏడాదికి ఒక్కసారి కడితే చాలు, ఎన్ని రోజులున్నా అడగరు. దీని ఖర్చు ముసలివాళ్ళే పెట్టుకోవాలన్నారు. అందరికీ నెలకు కొద్దిగా పెంచారు. రాబడి బాగా ఉన్నవాళ్ళకు ఇంకో పన్ను వేశారు. అది అందరికంటే పైనున్నవాళ్ళకు ఏడాదికి ఎనిమిది వందల డాలర్లు. ఆ ఎనిమిది వందల మాట ఒక్కటే ఊరంతా తిరుగుతోంది. ప్రతివాడూ అది తనకేననుకుంటున్నాడు.

డొరొతి మాత్రం నోరెత్తదు. ఆమె భర్త వాల్టర్ తుంటి ఎముక విరిగి, పుండు పట్టి, మార్చి నుంచి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఈ చట్టం లేకుంటే ఇల్లు అమ్మేదాన్నని నాకొక్కదానికే చెప్పింది. చుట్టూ అందరూ చట్టాన్ని తిడుతుంటే ఆమె తలొంచుకుని బఠానీలు ఒక్కొక్కటే తింటుంది. నాకు ఆమె పక్కనే కూర్చోబుద్ధవుతుంది. ఆగస్టులో ఈ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు సెంటర్‌కు వస్తున్నాడట. అప్పుడు జెరావ్ చేస్తారట. ఏం చెయ్యమంటావు?

అక్క


కార్వాన్
27 జూలై 1989

అక్కా,

ఆపు! వెంటనే ఆపు! టెలిగ్రాం ఇద్దామనుకున్నాను గానీ 'ఘెరావ్ ఆపు' అని ఇస్తే పోస్టాఫీసు వాళ్ళు నన్నే పట్టిస్తారని కాశమ్మ భయపెట్టింది.

ఇచ్చినదాన్ని వద్దనడానికి నా ఘెరావ్ వాడతారా? ముప్పై ఏళ్ళలో నేను ఏ సాబ్‌నూ "మాకిచ్చింది వాపసు తీస్కో" అని చుట్టుముట్టలేదు. హోటల్లో ఈ సంగతి చెప్తే ఎవరూ నమ్మలేదు. సిరాజుద్దీన్ అయితే, "మీ అక్కకు ఇంగ్లిష్ సమజ్ గాలె భాయ్, ఉల్టా రాసింది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా అక్క దగ్గర నేను నాలుగో తరగతి చదివాను, ఉల్టా రాస్తే చెవి మెలిపెట్టేది అని చెప్పాను.

ఇంకో అనుమానం. అక్కడ కూడా కాంగ్రెసేనా? ఇక్కడ మేము దాంతో పడేది చాలదన్నట్టు అమెరికాలో కూడానా? ఏ వర్గమో రాయి.

ఇక్కడ మాత్రం బోనాల జాతరలాగా సంఘం నిండింది. మా అర్జీకి జవాబు వచ్చింది! నాకు దిగులేసింది, ఇంత తొందరగా ఎప్పుడూ రాదు. మేనేజర్ మమ్మల్ని పిలిచి కుర్చీ వేశాడు. శనివారాలు దవాఖాన మీకు తెరుస్తాం, కానీ పెన్షన్‌లోంచి నెలనెలా కొంత కోత ఉంటుంది అన్నాడు. పెద్ద పెన్షన్ వాళ్ళకు పెద్ద కోత, చిన్న పెన్షన్ వాళ్ళకు ఒక చాయ్, ఒక సమోసా అంత. అందరూ సంతకాలు చేస్తేనే. నేను సరేనన్నాను. ఇక సంతకాలే బాకీ.

నువ్వు డొరొతమ్మ పక్కనే నిలబడు. అదే నా ఆర్డర్.

తమ్ముడు


మిల్‌బ్రూక్
28 ఆగస్టు 1989

తమ్మీ,

కాంగ్రెస్ అంటే ఇక్కడ పార్టీ కాదు, పార్లమెంటు. వర్గం సంగతి నాకు తెలియదు.

నీ ఆర్డర్ జెరావ్‌కు ముందే అందింది. నేను డొరొతి పక్కనే నిలబడాలని పోయాను. నిజంగా అందుకే పోయాను. కానీ ఆమె ఆ రోజు రాలేదు, వాల్టర్‌కు జ్వరం. బయట ఎండ కళ్ళల్లో పొడుస్తోంది. స్టాన్లీ నా చేతికి ఒక ప్లకార్డు ఇచ్చి, "ఆడోళ్ళు ముందలుండాలని మీ తమ్ముడే రాసిండు గద, నువ్వే ముందల నిలబడు" అన్నాడు. మసకమసకగా చూస్తే దాని మీద 'మెడికేర్' అని కనబడింది. మంచి మాటే కదా అనుకున్నాను. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపే కాంగ్రెస్ సభ్యుడి కారు చుట్టూ యాభై మంది. కర్రలు పట్టుకున్నవాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఎవరూ కదలలేదు. నువ్వుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడివి. పోలీసు టోపీ సర్దుకున్నాడు కూడా. చికాగోలో అయితే పది రోజుల కిందట ఇంకో పెద్ద నాయకుడి కారుకు ముసలివాళ్ళు ఇట్లాగే అడ్డం పడ్డారట, దేశమంతా టీవీలో చూసింది. దానికి బాధ్యత నీది కాదులే.

మర్నాడు మా ఊరి పేపర్లో ఫొటో వచ్చింది. మొదటి పేజీలో నేను, పచ్చ నేత చీరలో, ప్లకార్డు ఎత్తి. సుగుణ పేపరు ఎత్తి చూపింది.

"అమ్మా, దీని మీద ఏం రాసున్నదో సూశినవా?"

"మెడికేర్ అని."

"దాని పైన?"

దాని పైన, కొత్త పన్ను రద్దు చెయ్యండి, చట్టం రద్దు చెయ్యండి అని ఉందట. నాకు కనబడలేదు తమ్మీ. ఒట్టు. సుగుణ ఆ పూటే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయట. దగ్గర పెట్టుకుంటే చదువుతాను, రాస్తాను. దూరానివన్నీ పాలల్లో ముంచి తీసినట్టుంటాయి. ఇన్నాళ్ళూ అమెరికా అంటే మంచు ఎక్కువ అనుకున్నాను.

డొరొతి ఫొటో చూసింది. సెంటర్లో ఇప్పుడు వేరే బల్ల మీద కూర్చుంటోంది. ఇంటికి పోతే తలుపు తీయలేదు. లోపల రేడియో మోగుతూనే ఉంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సుగుణను అడిగి లెక్క తెలుసుకుని స్టాన్లీకి చెప్పాను, నీ పెన్షన్‌కు ఆ ఎనిమిది వందల పన్ను పడదు, అందరితోపాటు నెలకు కొద్దిగా కడితే చాలు అని. ఆయన చాలాసేపు కాఫీ కలిపాడు. తర్వాత అన్నాడు: "అట్లనా? అయినా మంచిగనే అయింది కళా. నేను రిటైరయినంక నా మాట ఎవ్వడిన్లే. మొన్న గా పెద్దమనిషి కారు అద్దం దించి ఇన్నడు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అదే నాకు దిగులు.

అక్క


కార్వాన్
24 సెప్టెంబర్ 1989

అక్కా,

కంటి సంగతికి ఫికర్ పడకు. నీ దగ్గర ఆ మెడికేర్ కార్డు ఉంది కదా, దర్జాగా పోయి చేయించుకో. ఆ కార్డు కోసమే కదా ఇంత కథ.

ఇప్పుడు నా కథ విను. నన్ను ఘెరావ్ చేశారు.

నవ్వకు. కాశమ్మ ఇప్పటికే నవ్వి నవ్వి మంచమెక్కింది. ఆమెకు చీర కొనడానికి ఇద్దరం పత్తర్‌గట్టి పోయాం. దుకాణం మెట్లు దిగుతుంటే చుట్టూ మావాళ్ళే, మా సంఘం వాళ్ళే. చెయ్యి వెయ్యలేదు, తిట్టలేదు, కదల్లేదు. నేను నేర్పినట్టే, అక్షరం పొల్లు పోకుండా. ముందు వరసలో ఎవరనుకున్నావు? సిరాజుద్దీన్ భార్య షౌకత్ బీ, బురఖాలో, చేతిలో గొడుగుతో.

"అందరికి సగం పెన్షన్ కట్ జేస్తరంట గదా భాయ్? నువ్వెట్ల ఒప్పుకున్నవ్?" అని సిరాజుద్దీన్.

సగం అని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. అందరూ విన్నారు. నేను గొంతు పెంచి, "అరె నీకు కట్టయ్యేది ఒక చాయ్, ఒక సమోసా!" అని అరిచాను. వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. గిరాకీ లోపలికి రాలేక దుకాణం సేట్ తల పట్టుకున్నాడు. అప్పుడు నీ స్టాన్లీ యాదికొచ్చాడు. కారు అద్దం దించినవాడూ యాదికొచ్చాడు. నోరు మూసుకుని ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

"సరే. ఒక్కొక్కరు జెప్పుండ్రి. నేనింటా" అన్నాను.

అక్కా, వాళ్ళు కోత గురించి చెప్పలేదు! భిక్షపతి తన మోకాళ్ళ గురించి చెప్పాడు. ఓదెలు తన షుగర్ గురించి, కొడుకు ముందర సూది వేసుకోవడానికి సిగ్గు గురించి చెప్పాడు. షౌకత్ బీ, "ఈయనకు ఊపిరాడక కుర్చీలనే పంటడు, మీకెవ్వరికి చెప్పడు" అంది. సిరాజుద్దీన్ చార్మినార్ వైపు తిరిగి నిలబడ్డాడు. నలభై ఏళ్ళ దోస్తీ, నాకూ తెలియదు. సేట్ చూసి చూసి అందరికీ చాయ్ చెప్పించాడు. సాయంత్రం అసర్ నమాజు అజాన్ అయ్యేదాకా విన్నాను. ఆ తర్వాత ఎవరికెంత కోతో ఒక్కొక్కరి చెవిలో చెప్పాను. అందరూ ఆ మెట్ల మీదే సంతకాలు పెట్టారు. ఓదెలు మాత్రం కోడలిని అడిగి పెడతానని పోయాడు, మర్నాడు వచ్చి పెట్టాడు.

కాశమ్మ చీర కొనడం మర్చిపోయాం. ఆమె మర్చిపోలేదు.

డొరొతమ్మ తలుపు మళ్ళీ కొట్టు. రేడియో మోగుతోందంటే ఇంట్లో ఉన్నట్టే.

తమ్ముడు


మిల్‌బ్రూక్
26 నవంబర్ 1989

తమ్మీ,

నీ మాట విని మళ్ళీ కొట్టాను. ఈసారి తలుపు తీసింది, కానీ లోపలికి రమ్మనలేదు. నేను గడప అవతలే నిలబడి, నాకు కళ్ళు కనబడవు, అందుకే అట్లా అయింది అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, వంటింటి గోడ మీది క్యాలెండరు చూపింది.

"గా బొమ్మల ఏమున్నది, చెప్పు."

"పిల్లి" అన్నాను.

అది లైట్‌హౌస్ అట. సముద్రం ఒడ్డున, ఎత్తుగా, ఎర్రచారలతో. ఆమె నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత నన్ను లోపలికి లాగి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులతో మొహం తుడుచుకుని, "పిల్లికి అన్ని కిటికీలు ఉంటయా కళా?" అని మళ్ళీ మొదలుపెట్టింది.

వాల్టర్ దసరా తర్వాత ఇంటికొచ్చాడు, చక్రాల కుర్చీలో.

ఈ వారం చట్టం రద్దు చేస్తూ కాంగ్రెస్ ఓటు వేసింది. అంటే పార్లమెంటు, నీ పార్టీ కాదు. కొత్త సంవత్సరం నుంచి మళ్ళీ పాత పద్ధతే. ఆ చట్టం సరిగ్గా ఒక్క ఏడాది బతికింది. ఆ ఏడాదే వాల్టర్‌కు అది అవసరమయింది. మళ్ళీ జబ్బు పడితే ఏమిటని డొరొతి అడగదు, నేనూ అడగను.

సెంటర్లో పండగ చేసుకున్నారు. స్టాన్లీ సగం కేకు పళ్ళెంలో పెట్టుకుని డొరొతి ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె పళ్ళెం అందుకుని, ఆయన మొహం మీదే తలుపు వేసింది. ఆయన మెట్ల మీద టోపీ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కాసేపటికి ఆమె తలుపు తీసి ఖాళీ పళ్ళెం చేతిలో పెట్టింది.

"లోపలికి రా. వాల్టర్‌ను లేపి మంచం మీద పండబెట్టాలె. నా ఒక్కదాని తోని గాదు, ఈమెకేమో కండ్లు గనబడయి."

ఆయన వచ్చి లేపాడు. ఇప్పుడు రోజూ వస్తున్నాడట. ఇద్దరూ చట్టం మాట ఎత్తరు, వాతావరణం గురించి తిట్టుకుంటారు.

ఇక నా కార్డు సంగతి. తమ్మీ, నాకు కార్డు లేదు. ఎప్పుడూ లేదు. నాలాగా వయసు మళ్ళి వచ్చినవాళ్ళు ఇక్కడ ఐదేళ్ళు ఉంటే గానీ అడగడానికి కూడా వీల్లేదు, అప్పుడు కూడా కొనుక్కోవాల్సిందే. నేను వచ్చి మూడేళ్ళే. జెరావ్‌లో ముందు వరసలో నిలబడ్డవాళ్ళలో ఆ బీమా లేనిదాన్ని నేనొక్కదాన్నే. నువ్వు అడగలేదని నేను చెప్పలేదు. చెప్తే ఫికర్ పడతావని కూడా చెప్పలేదు. ఇక్కడ కంటి ఆపరేషన్ ఖర్చు విని సుగుణ అప్పు చేస్తానంటోంది. నేను ఒప్పుకోను. జనవరిలో అక్కడికే వచ్చి చేయించుకుందామని ఉంది. ఏమంటావు?

అక్క


కార్వాన్
20 డిసెంబర్ 1989

అక్కా,

ఏమంటానా? మూడేళ్ళు దాచావు, అందుకు తర్వాత కొట్లాడతాను. ముందు రా.

సర్కారు కంటి దవాఖానలో అడిగొచ్చాను. జనవరి ఆఖరికి ఆపరేషన్ చేస్తామన్నారు, ఒక కన్ను ముందు, రెండోది తర్వాత. పక్కన ఒక ఆడమనిషి ఉండాలి, చుక్కల మందు వెయ్యాలి, కన్ను ముట్టకుండా కాపలా కాయాలి. ఈ మాట నేను హోటల్లో అనకుండా ఉండాల్సింది.

సిరాజుద్దీన్ ఇప్పుడు శనివారం శనివారం మన దవాఖానకు పోయి మందు తెచ్చుకుంటున్నాడు, మంచం మీద పడుకుని నిద్రపోతున్నాడు. ఆ సంతోషంలో ఇంటికి పోయి షౌకత్ బీకి నీ సంగతి చెప్పాడు. ఆమె ఆ సాయంత్రమే టిఫిన్ డబ్బాతో మా ఇంటికి దిగింది. "కళావతి ఆపా పక్కన నేనుంట. నాకు నిద్ర పట్టదు, నాకంటే మంచి కాపలా దొరకదు" అంది. కాశమ్మ నడుం కట్టింది. "వదిన నాది. నేనుండంగ ఇంకొకళ్ళెందుకు?" ఇద్దరి మధ్య నేను తల దూర్చి తిట్లు తిన్నాను. ఈ గొడవ విని భిక్షపతి భార్య వచ్చి, తనకు ఆ దవాఖాన వార్డులన్నీ తెలుసు, తనే ఉంటానంది. నిన్న ఓదెలు కోడలు కూడా వచ్చి అడిగిపోయింది. చిన్నప్పుడు నీ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నదట, నువ్వు కొట్టలేదట, ఆ ఒక్క కారణం చాలంటోంది.

నేను సెక్రెటరీని. మెమోరాండం అంటే రాస్తాను, చర్చలంటే కూర్చుంటాను. ఈ నలుగురి మధ్య ఒప్పందం నా వల్ల కావడం లేదు. ఒక్క కంటికి నలుగురు కూర్చుంటామంటే ఎట్లా? నువ్వు రెండో కన్ను కూడా ఈ రాకలోనే చేయించుకుని పోవాలి. అప్పుడు కంటికి ఇద్దరు చొప్పున సరిపోతారు, ఈ లొల్లి తీరుతుంది.

తమ్ముడు వైకుంఠం